ల్యాప్‌టాప్‌లో ధ్వని, కెమెరా: లినక్స్‌లో లోపం ఏ పొరలో ఉందో తేల్చుకోవడం

లినక్స్ వేసిన ల్యాప్‌టాప్‌లో తెర, టచ్‌ప్యాడ్, వైఫై మొదటి రోజు నుంచే చక్కగా పనిచేస్తూ, స్పీకరు ఒక్కటే మూగబోయి ఉండటం, లేదా వీడియో సమావేశం మొదలయ్యే వేళకు ముఖం కనబడవలసిన చోట నల్లని చట్రం మిగలటం చాలామంది ఎదుర్కొన్న ఇబ్బందే. ఈ లోపాలతో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, నిశ్శబ్దాన్ని చూసి కారణం చెప్పలేం. హార్డ్‌వేరును నడిపే లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ సౌండ్ కార్డును గుర్తించకపోయినా నిశ్శబ్దమే, గుర్తించి మ్యూట్‌లో ఉంచినా నిశ్శబ్దమే, శబ్దం స్పీకరుకు బదులు హెచ్‌డీఎంఐ వైపు పోతున్నా వినేవారికి నిశ్శబ్దమే. కారణం తెలియకుండా దొరికిన చిట్కానల్లా అమలు చేస్తూ పోతే, పాత లోపం అలాగే ఉండగా సెట్టింగ్స్‌లో కొత్త లోపాలు వచ్చి చేరతాయి.

ధ్వని, కెమెరాల దగ్గరే ఈ చిక్కు ఎక్కువగా రావటానికి బలమైన కారణం ఉంది. చిప్పు వేరు, ఆ చిప్పును బోర్డు మీద కలిపిన తీరు వేరు. రియల్‌టెక్ తయారుచేసే ఒకే ఆడియో కోడెక్ (డిజిటల్ సమాచారాన్ని ధ్వని సంకేతంగా మార్చే చిప్పు) అనేక కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. కానీ దాని ఏ పిన్ను స్పీకరుకు పోతుంది, ఏది హెడ్‌ఫోన్ జాక్‌కు పోతుంది, స్పీకరు ముందున్న యాంప్లిఫయర్‌ను మేల్కొలిపే తీగ ఏది అన్నవి ఆ మోడల్‌ను తయారుచేసినవారు నిర్ణయించేవి. డ్రైవరుకు తెలిసేది చిప్పు సంగతి. తీగల సంగతి ఆ పరికరమే చెప్పుకోవాలి, లేదా బయోస్‌లో (యంత్రం ఆన్ కాగానే నడిచే, బోర్డు మీది ప్రోగ్రాములో) రాసి ఉండాలి, లేదా ఎవరో ఒకరు కనిపెట్టి కెర్నల్‌లోని పట్టికలో చేర్చి ఉండాలి. విండోస్‌కు తయారీదారే తన మోడల్‌కు సరిపోయే డ్రైవరును ఇస్తాడు కనుక బయోస్‌లో రాయకుండా వదిలేసినా అక్కడ ఎవరికీ తెలియదు. అదే యంత్రంలో లినక్స్ వేసినప్పుడు ఆ ఖాళీ బయటపడుతుంది.

ధ్వని విషయంలో అట్టడుగున, కెర్నల్‌లోనే ఉండే పొర ఆల్సా. యారోస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థ, 2003 చివర్లో వచ్చిన కెర్నల్ 2.6లో పాత ధ్వని వ్యవస్థ ఓఎస్ఎస్ స్థానాన్ని తీసుకుంది. దాని మీద, అనేక ప్రోగ్రాముల శబ్దాలను కలిపి తగిన చోటికి పంపే పొర ఒకటి ఉంటుంది. చాలా ఏళ్లు ఆ పని పల్స్ఆడియో చేసింది. విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34తో ఆ స్థానంలోకి వచ్చి, తరువాత ఉబుంటు సహా మిగతా పంపిణీలకూ చేరింది. ఏ శబ్దం ఏ పరికరానికి వెళ్లాలో నిర్ణయించే పని పైప్‌వైర్‌కు తోడుగా నడిచే వైర్‌ప్లంబర్‌ది. పైప్‌వైర్ పల్స్ఆడియో భాషలోనే జవాబు చెప్పగలదు కాబట్టి పాత వాల్యూమ్ కంట్రోల్ ప్రోగ్రాములు నేటికీ పనికివస్తాయి. అయితే పల్స్ఆడియోను తీసేసి మళ్లీ వేయమనే పాత సలహాను మాత్రం పాటించకూడదు. అలా తీయబోతే దానితో ముడిపడిన డెస్క్‌టాప్ భాగాలు కూడా ఊడిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి పరీక్ష అడుగు పొర నుంచి మొదలవ్వాలి. టెర్మినల్‌లో ఏప్లే కమాండును చిన్న ఎల్ ఆప్షన్‌తో ఇస్తే కెర్నల్‌కు కనిపిస్తున్న కార్డుల జాబితా వస్తుంది. కార్డు అందులో ఉంటే, పై పొరలను పక్కన పెట్టి స్పీకర్ టెస్ట్ అనే కమాండుతో నేరుగా ఆ కార్డుకే శబ్దం పంపి చూడాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. ఇక్కడ శబ్దం వస్తే హార్డ్‌వేరు, కెర్నల్ రెండూ బాగున్నట్టే, లోపం పైప్‌వైర్ సెట్టింగ్స్‌లోనో ఆ ప్రోగ్రాములోనో ఉంది. కార్డు మ్యూట్‌లో లేకపోయినా రాకపోతే, పైన ఎన్ని మార్పులు చేసినా వృథా. పరికరం బిజీగా ఉందన్న సందేశం వస్తే కంగారు పడనక్కర్లేదు. శబ్దం చేసే ప్రోగ్రాములన్నీ మూసి కొన్ని సెకన్లు ఆగితే పైప్‌వైర్ కార్డును వదిలేస్తుంది.

కార్డు సొంత మిక్సర్‌లోనూ పై పొరలోనూ దొరికే లోపాలు చాలావరకు చిన్నవే. టెర్మినల్‌లో నడిచే ఆల్సా వాల్యూమ్ ప్రోగ్రాము ఆల్సామిక్సర్ తెరవగానే కనిపించే ఒంటి వాల్యూమ్ పట్టీ పైప్‌వైర్‌ది, అసలు కార్డుది కాదు. ఎఫ్6 నొక్కి కార్డును ఎంచుకున్నాకే స్పీకరు, హెడ్‌ఫోన్, మాస్టర్ వేరువేరుగా కనిపిస్తాయి. పట్టీ కింద రెండు ఎమ్‌లు ఉంటే ఆ దారి మూసి ఉన్నట్టు, ఎమ్ మీట నొక్కితే అవి రెండు సున్నాలై తెరుచుకుంటుంది. హెడ్‌ఫోన్ పెట్టకపోయినా పెట్టినట్టు జాక్ భ్రమపడితే ఆటోమ్యూట్ అన్న అంశం స్పీకరును ఆపేస్తుంది. వాల్యూమ్ కంట్రోల్ ప్రోగ్రాములో కార్డు ప్రొఫైల్ ఆఫ్‌లో ఉండిపోవటం, డిఫాల్ట్ అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐకి మారిపోవటం కూడా తరచు జరిగేవే. ఇవన్నీ చూసినా తేలకపోతే, హోమ్ డైరెక్టరీలో వైర్‌ప్లంబర్ తన పాత ఎంపికలను దాచుకునే ఫోల్డరును తొలగించి మళ్లీ లాగిన్ అవ్వటం మంచిది. విండోస్ కూడా ఉన్న యంత్రమైతే ఇంకొకటి చూడాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు, కొన్ని కోడెక్‌లు అది వదిలిన స్థితిలోనే లినక్స్‌కు చేరి మొరాయిస్తాయి. దాన్ని ఆపి, యంత్రాన్ని పూర్తిగా షట్‌డౌన్ చేసి చూడాలి.

సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ పేరు డమ్మీ అవుట్‌పుట్ అని కనిపిస్తే మాత్రం పై పొరలో వెతకటం ఆపేయవచ్చు. అసలు పరికరం ఒక్కటీ దొరక్క పైప్‌వైర్ ఊరికే నిలబెట్టిన ఉత్తుత్తి పరికరం అది. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో దీనికి ప్రధాన కారణం ఒకటుంది. వాటిలో మైకులు డిజిటల్‌వి కావటంతో వాటిని కోడెక్‌కు కాకుండా ప్రాసెసర్ పక్కనుండి ధ్వని సంకేతాలను సంస్కరించే డీఎస్‌పీ అనే భాగానికి కలుపుతారు. ఆ డీఎస్‌పీ తనంతట తాను పనిచేయదు, ఇంటెల్ 2018లో బయటపెట్టిన సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ (సాఫ్, sof) అనే లోపలి ప్రోగ్రామును కెర్నల్ దానికి ఎక్కించాలి. ఫర్మ్‌వేర్ ఫైలు డిస్కు మీద లేకపోతే మైకే కాదు, మొత్తం కార్డే నమోదు కాదు. డీమెసేజ్ (dmesg) కమాండు చూపే కెర్నల్ సందేశాలలో సాఫ్ అన్న మాట ఉన్న వరుసలు చూస్తే, ఫర్మ్‌వేర్ ఎక్కించటం విఫలమైందన్న మాట, దాని చివర మైనస్ 2 అన్న అంకె కనిపిస్తాయి. ఆ మైనస్ 2కు అర్థం ఫైలు దొరకలేదని. అంటే హార్డ్‌వేరు చెడిపోలేదు, ఒక ప్యాకేజీ తక్కువైంది, అంతే. ఆర్చ్‌లో సాఫ్ ఫర్మ్‌వేర్, ఫెడోరాలో ఆల్సా సాఫ్ ఫర్మ్‌వేర్, డెబియన్‌లో ఫర్మ్‌వేర్ సాఫ్ సైన్డ్ అన్న పేర్లతో ఆ ప్యాకేజీ ఉంటుంది. స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చటం 2023లో వచ్చిన 12వ విడుదలతోనే మొదలైంది. అంతకు ముందరి విడుదలలను వేసినవారికి ఈ కొరత ఎక్కువగా ఎదురయ్యేది.

దీనికి విస్తారంగా చలామణిలో ఉన్న దగ్గరిదారి ఒకటి ఉంది. డీఎస్‌పీని పక్కకు తప్పించి కోడెక్‌తో నేరుగా మాట్లాడే పాత హెచ్‌డీఏ డ్రైవరునే వాడమని ఒక మాడ్యూల్ ఆప్షన్‌తో కెర్నల్‌కు చెప్పటం. అలా చేస్తే స్పీకరు పలుకుతుంది, కానీ డీఎస్‌పీకి కలిపిన లోపలి మైకు పూర్తిగా మాయమవుతుంది. వారం తరువాత మైకు పనిచేయటం లేదని వెతకటం మొదలుపెట్టేసరికి ఆ ఆప్షన్ పెట్టిన సంగతి గుర్తుండదు. లోపం ఎక్కడుందో తేల్చుకోవటానికి ఇది మంచి పరీక్షే గాని, శాశ్వతంగా ఉంచదగిన మార్గం కాదు.

ఇక అన్నింటికన్నా గట్టి చిక్కు, హెడ్‌ఫోన్‌లో శబ్దం చక్కగా వస్తూ స్పీకరులో రాకపోవటం. దీన్ని దగ్గరగా పరిశీలించాలి. హెడ్‌ఫోన్ పలుకుతోందంటే డ్రైవరు, కోడెక్, పైప్‌వైర్ అన్నీ సరిగానే ఉన్నట్టు. శబ్దం కోడెక్ దాకా వచ్చి, అక్కడ నుంచి స్పీకరు వైపు వెళ్లే దారిలో ఆగిపోతోంది. ప్రాక్ డైరెక్టరీలోని అసౌండ్ ఫోల్డరులో, కార్డు పేరు కింద కోడెక్ అన్న ఫైలు ఉంటుంది. అందులో ఒక్కో పిన్నుకు పిన్ డిఫాల్ట్ అన్న వరుస కనిపిస్తుంది. ఫలానా పిన్ను లోపలి స్పీకరుది, ఫలానాది కుడి పక్కనున్న హెడ్‌ఫోన్ జాక్‌ది అని బయోస్ రాసి ఉంచిన వివరమే అది. విలువ 411111తో మొదలైతే ఆ పిన్నుకు ఏమీ కలపలేదని అర్థం. నిజంగా ఖాళీగా ఉన్న పిన్నులకూ ఇదే విలువ ఉంటుంది కనుక దాన్ని చూడగానే తప్పు అనుకోకూడదు. కానీ ఫైలు మొత్తంలో లోపలి స్పీకరు అన్న వరుస ఒక్కటీ లేకపోతే, ఈ ల్యాప్‌టాప్‌కు స్పీకరే లేదని బయోస్ డ్రైవరుకు చెప్పిందన్నమాట. డ్రైవరు దాన్ని నమ్మింది. అప్పుడు హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే చిన్న ప్రోగ్రాముతో అనుమానమున్న పిన్నును స్పీకరుగా ప్రకటించి పరీక్షించవచ్చు.

పిన్నుల వివరం సరిగానే ఉండి కూడా స్పీకరు పలకకపోతే అనుమానించవలసింది యాంప్లిఫయర్‌ను. పలుచని ల్యాప్‌టాప్‌లలో సిరస్ లాజిక్ తయారుచేసిన సీఎస్35ఎల్41 వంటి స్మార్ట్ యాంప్లిఫయర్లు ఉంటాయి. ఇవి కోడెక్‌లో భాగం కావు. ఐ2సీ లేదా ఎస్‌పీఐ అనే వేరే దారి ద్వారా వీటికి ఆజ్ఞలు అందాలి. ఈ యాంప్లిఫయర్లలో ఏది ఎడమది, ఏది కుడిది, రీసెట్ చేసే తీగ ఏది అన్న వివరాలు బయోస్‌లో హార్డ్‌వేరు వివరాలు చెప్పే ఏసీపీఐ పట్టికల్లో ఉండాలి. కొన్ని మోడళ్లలో ఆ వివరాలు రాయనే లేదు. అప్పుడు కెర్నల్ అభివృద్ధిదారులు ఒక్కో మోడల్‌కు ఆ లెక్కను విడిగా సేకరించి డ్రైవరులో చేర్చవలసి వస్తోంది. ఏ యంత్రానికి ఏ లెక్క అన్నది గుర్తుపట్టటానికి ఆధారం అదే కోడెక్ ఫైలులో ఉండే సబ్‌సిస్టం ఐడీ అనే ఎనిమిది అక్షరాల సంఖ్య. కాబట్టి కొత్త మోడల్ ల్యాప్‌టాప్‌లో స్పీకరు మూగబోతే, ఏ సెట్టింగూ మార్చకముందే తాజా కెర్నల్ ఉన్న లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి చూడటం అన్నిటికన్నా తెలివైన పని. అక్కడ పలికితే కెర్నల్‌ను నవీకరిస్తే సరిపోతుంది.

వేరే మోడల్‌కు రాసిన ఆప్షన్‌ను బలవంతంగా పెట్టి చూడమనే సలహాలు ఈ సందర్భంలో ప్రమాదకరం. స్మార్ట్ యాంప్లిఫయర్ చిన్న స్పీకరును దాని హద్దుల దాకా తోసి, వేడి పెరిగినప్పుడు వెనక్కి తగ్గేలా రూపొందినది. ఆ రక్షణ లెక్క తప్పితే స్పీకరు చుట్ట కాలిపోవచ్చు. యాపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌బుక్‌లలో లినక్స్‌ను నడిపే అసాహి బృందం, రక్షణ కోసం ప్రత్యేక ప్రోగ్రాము రాసేదాకా స్పీకర్లను ఆపి ఉంచటానికి కారణం ఇదే. ఆ జాగ్రత్త ఎంతో మెచ్చదగినది.

మైకు విషయంలో చాలామంది దృష్టికి రాని లోపం ఒకటి చెప్పుకోదగినది. రికార్డు చేస్తే స్టీరియోలో గొంతు వినిపిస్తుంది, సమావేశంలో మాత్రం అవతలివారికి ఏమీ వినబడదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి మైకు ఒకే గొంతును రెండు చానళ్లలోనూ పంపుతుంది, కానీ రెండో దానిని తలకిందులు చేసి పంపుతుంది. సమావేశపు ప్రోగ్రాము ఆ రెంటినీ కలిపి మోనోగా మార్చగానే ఒక అల మీద దాని వ్యతిరేక అల పడి రెండూ రద్దవుతాయి. చెడిపోయిన మైకులాగే కనిపిస్తుంది గాని, ఆల్సామిక్సర్‌లో క్యాప్చర్ చానళ్లలో ఒకదాన్ని సున్నాకు దించగానే గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. ఈ తేడా ఉన్నట్టు తెలిసిన మోడళ్లకు కెర్నలే ప్రత్యేక స్విచ్చు ఇస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ చేయగానే పాట నాణ్యత పడిపోవటం మాత్రం లోపం కాదు. పాటలకు ఉద్దేశించిన ఏ2డీపీ ప్రొఫైల్ నుంచి ఫోన్ సంభాషణకు ఉద్దేశించిన ప్రొఫైల్‌కు మారినప్పుడు ధ్వని 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కు దిగటం దాని స్వభావం. లోపలి మైకును వాడుకుంటే హెడ్‌సెట్ పూర్తి నాణ్యతతో పలుకుతుంది.

కెమెరాల దగ్గరకు వస్తే కథ కొంత భిన్నంగా ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలోని కెమెరా, మూతలో అమర్చిన మామూలు యూఎస్‌బీ పరికరమే. యూఎస్‌బీ కెమెరాలకు ఉమ్మడిగా ఉన్న యూవీసీ ప్రమాణం ప్రకారం అది తన రిజల్యూషన్లను, ఫార్మాట్లను, వెలుతురు సవరించే నియంత్రణలను తానే చెప్పుకుంటుంది. అందుకే 2008లో కెర్నల్ 2.6.26లో చేరిన యూవీసీవీడియో డ్రైవరు, తాను ఎన్నడూ చూడని కెమెరాలను కూడా నడపగలుగుతోంది. స్పీకరు తీగల వివరాలను ఒక్కో మోడల్‌కు పట్టికలో రాసుకోవలసి రావటంతో పోలిస్తే, పరికరమే తన సంగతి చెప్పుకోవటం ఎంత మేలో ఇక్కడ తెలుస్తుంది.

ఇలాంటి కెమెరా పనిచేయకపోతే మొదట ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండులో అది కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే సాఫ్ట్‌వేర్‌లో వెతకటానికి ముందు కీబోర్డు మీది కెమెరా మీటను, పక్కనున్న స్విచ్చును, బయోస్‌లోని అంశాన్ని చూడాలి. కొన్ని మోడళ్లలో గోప్యత కోసం ఇచ్చిన ఆ మీట కెమెరాను యూఎస్‌బీ నుంచే తెంచేస్తుంది. జాబితాలో ఉండి చిత్రం మాత్రం నల్లగా వస్తే, లెన్స్ మీది జారుడు మూత దగ్గరే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. ఒక్క కెమెరాకే వీడియో0, వీడియో1 అని రెండు పేర్లు కనిపించటం చూసి రెండోది చెడిపోయిందని భావించేవారున్నారు. 2018లో వచ్చిన కెర్నల్ 4.16 నుంచి రెండో పేరు చిత్రంతోపాటు వచ్చే సమాచారానికి కేటాయించినది, దానిలో చిత్రం రాదు. ముఖం చూసి లాగిన్ అయ్యే యంత్రాలలో పరారుణ కెమెరా కూడా వేరుగా ఉంటుంది. ప్రోగ్రాము పొరబాటున దాన్ని ఎంచుకుంటే మసక బూడిద రంగు చిత్రం వస్తుంది. పరికరం బిజీగా ఉందన్న సందేశం వస్తే మరో ప్రోగ్రాము కెమెరాను పట్టుకుని ఉన్నట్టే. ఎఫ్‌యూజర్ కమాండు అది ఏదో చెబుతుంది. ఫ్లాట్‌పాక్, స్నాప్ అనే విడి ప్యాకేజీల రూపంలో వేసిన ప్రోగ్రాములకు కెమెరా అనుమతి విడిగా ఇవ్వాలి.

చిత్రం వస్తుంది, కానీ ముక్కలు ముక్కలుగా కదులుతుంది అన్న ఫిర్యాదుకు చిన్న లెక్క సమాధానం చెబుతుంది. 1280 × 720 చిత్రంలో 9,21,600 బిందువులుంటాయి. కుదించని వైయూవైవీ ఫార్మాట్‌లో బిందువుకు 2 బైట్లు, అంటే చిత్రానికి 18,43,200 బైట్లు. సెకనుకు 30 చిత్రాలైతే 5,52,96,000 బైట్లు. యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు, అంటే దాదాపు 6 కోట్ల బైట్లు కనుక సరిపోతుందనిపిస్తుంది. కానీ వీడియోకు వాడే ఐసోక్రోనస్ పద్ధతిలో ఒక ప్రవాహానికి సెకనులో 8,000వ వంతుకు గరిష్ఠంగా 3,072 బైట్లే దక్కుతాయి, అంటే సెకనుకు 2,45,76,000. ఈ ఇరుకులో 13కు మించి చిత్రాలు పట్టవు, అందుకే చాలా కెమెరాలు ఆ ఫార్మాట్‌లో 10 చిత్రాలకే పరిమితమవుతాయి. అదే కెమెరా ఎంజేపెగ్ ఫార్మాట్‌లో చిత్రాన్ని కుదించి పంపితే 30 చిత్రాలూ హాయిగా వస్తాయి. వీ4ఎల్2 సీటీఎల్ కమాండుతో ఫార్మాట్ల జాబితా అడిగితే ఈ తేడా అంకెలతో సహా కళ్లముందే ఉంటుంది, ప్రోగ్రాములో ఫార్మాట్ మార్చుకుంటే చాలు.

అయితే ఇటీవలి కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో కెమెరా యూఎస్‌బీ పరికరం కానే కాదు. ఫోన్లలో మాదిరిగా ఉత్త సెన్సరును మీపీ అనే ప్రమాణపు తీగలతో ప్రాసెసర్‌లోని ఐపీయూ6 అనే భాగానికి కలుపుతున్నారు. ఎల్ఎస్‌యూఎస్‌బీలో ఏమీ కనబడదు. డెవ్ డైరెక్టరీలో మాత్రం పదుల సంఖ్యలో వీడియో పేర్లు వరుసకట్టి ఉండవచ్చు, ఏది తెరిచినా మామూలు ప్రోగ్రాములకు చిత్రం రాదు. సెన్సరు ఇచ్చేది రంగులు కలవని ముడి సమాచారం. దానిని చూడదగ్గ చిత్రంగా మార్చటం, వెలుతురుకు తగ్గట్టు సవరించటం లోగడ కెమెరాలోని చిన్న చిప్పు చేసేది, ఇప్పుడు ఆ బరువు కంప్యూటరు మీద పడింది. పైగా సెన్సరుకు కరెంటు ఇచ్చే తీగ ఏది, ఏ గడియారం కావాలి అన్న వివరాలు మళ్లీ బయోస్ పట్టికల్లోంచే రావాలి. ఐపీయూ6 డ్రైవరు 2024లో కెర్నల్ 6.10తో ప్రధాన స్రవంతిలో చేరింది. 2018లో మొదలైన లిబ్‌కెమెరా ప్రాజెక్టు, ముడి సమాచారాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే చిత్రంగా మార్చే భాగాన్ని అదే ఏడాది అందించింది. కనుక ఇలాంటి యంత్రం ఉన్నవారు తాజా కెర్నల్, తాజా లిబ్‌కెమెరా వేసి, పైప్‌వైర్ ద్వారా కెమెరాను అడగగల బ్రౌజరును వాడాలి. పాత యూవీసీ చిట్కాలు వారికి ఒక్కటీ పనికిరావు. కొనబోయేముందే తెలుసుకోవలసిన సంగతి ఇది.

ఇన్ని పరీక్షల తరువాత కూడా స్పీకరు పలకకపోతే, సమస్యను అభివృద్ధిదారులకు నివేదించటమే సరైన దారి. ల్యాప్‌టాప్‌లో సౌండు రావటం లేదు అన్న ఒక్క వాక్యం వారికి ఎందుకూ కొరగాదు. ఆల్సా ఇన్ఫో అనే స్క్రిప్టును నడిపితే కోడెక్ ఫైలు, పిన్నుల విలువలు, సబ్‌సిస్టం ఐడీ, కెర్నల్ సందేశాలు అన్నీ ఒకే ఫైలులో చేరతాయి. దానితోపాటు హెడ్‌ఫోన్ పలుకుతోందా, ఏ కెర్నల్‌తో పరీక్షించారు, విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి వస్తే ఏమవుతోంది అన్న మూడు సంగతులు రాయాలి. మూడోది చాలా విలువైనది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రమే స్పీకరు పలికితే, యాంప్లిఫయర్‌ను విండోస్ మేల్కొలిపిందని, లినక్స్‌కు ఆ పని చేతకావటం లేదని తేలిపోతుంది. తెలిసిన రకం లోపమైతే వచ్చే సవరణ తరచు ఒక్క వరుసే ఉంటుంది: ఆ ఎనిమిది అక్షరాల ఐడీ, మోడల్ పేరు, వాడవలసిన పరిష్కారం పేరు. అది ప్రధాన కెర్నల్‌లో చేరి, అక్కడ నుంచి స్టేబుల్ కెర్నళ్లకు దిగి, మామూలు అప్‌డేట్‌తోపాటు ఆ మోడల్ ఉన్న ప్రతి యంత్రానికీ చేరుతుంది.